కంతిలోని కణముల చావు ఏమి చెప్పును?

బోధన్ ప్రాంతపు చెరకు రైతునకు ఒక అలవాటు కలదు. తోటలో ఒక గడ పైఆకులు పసుపుబారి వాడుముఖము పట్టినచో, పైకి కనబడు గడను చూచి ఆతడు తృప్తిపడడు. కత్తితో దానిని నిలువునా చీల్చి చూచును. లోపల ఎర్రని చారలు, వాని నడుమ అడ్డముగా తెల్లని మచ్చలు, ముక్కునకు పులిసిన వాసన తగిలినచో అది ఎర్రకుళ్ళు తెగులని నిశ్చయించును. 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడినను, చెరకును ఎరిగిన చేతులు ఆ ప్రాంతమున ఇంకను ఉన్నవి. గడ లోపల ఏమి చచ్చినదో, ఎట్లు చచ్చినదో చూడక తోట గతిని చెప్పరాదని ఆ చేతులకు ఒకరు నేర్పనక్కరలేదు.

ఊపిరితిత్తుల క్యాన్సరును పరీక్షించు వైద్యుడు చేయునదియు ఇంచుమించు ఇదే. రోగి ఛాతీలోని కంతినుండి సన్నని ముక్కను తీసి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శిని క్రింద చూచును. చూచినదానిని ఒక కాగితముపై వ్రాసి యిచ్చును. ఆ కాగితములో 'నెక్రోసిస్' అను మాట తరచుగా కనబడుచుండును. కణములు చచ్చిపడి యున్నవని దాని అర్థము.

నిజామాబాదు ఖలీల్‌వాడీలో వైద్యుని గది వెలుపల ఆ కాగితమును పట్టుకొని కూర్చున్న ఇంటివారిని తలచుకొనుడు. ఇంగ్లీషు చదివిన కుమారుడు ఆ మాటకు అర్థము చెప్పగానే తల్లి ముఖమున ఒక ఆశ మెరయును. "క్యాన్సరు కణాలు వాటంతటవే చస్తున్నాయంటే మంచిదే గదా, నాయనా!" అని ఆమె అడుగును. ఆ ప్రశ్న సహజమైనది. శత్రువు చచ్చినాడని విన్నవారెవరు సంతోషింపరు? అయినను చికిత్స ఆరంభముకాకముందు ఈ మాట కాగితములో కనబడినచో, అది సాధారణముగా శుభవార్త కాదు. చికిత్స ముగిసిన తరువాత కనబడినచో అదియే మిక్కిలి శుభవార్త కావచ్చును. ఒకే చావునకు రెండు అర్థము లెట్లు వచ్చినవో ఈనాడు వివరింప దలచితిమి.

మొదట, కణము చచ్చుటలో రెండు ప్రధానమైన విధములు కలవు. మన అడవులలో చలికాలము వెళ్ళునప్పుడు మోదుగు చెట్టు ఆకు రాల్చును. ఆ ఆకును ఎవరును త్రుంచలేదు. చెట్టే ఆకులోని సారమును వెనుకకు తీసికొని, తొడిమ మొదట ఒక పొరను కట్టి, ఆకును నెమ్మదిగా విడుచును. చెట్టునకు గాయము కాదు. అదే చెట్టునకు నిప్పు తగిలినచో ఆకులు మాడి, కొమ్మలు బీటలు వారి, అంతయు రోత యగును. రాలుట ఒకటి, మాడుట వేరొకటి.

శరీరములోని కణములకును ఇట్టి రెండు చావులున్నవి. ఒకటి నియతమైన మరణము. కణము తన కాలము తీరినదనియో, తనలో సరిచేయరాని లోపము పుట్టినదనియో గుర్తించి తానే ముడుచుకొనును. దాని కేంద్రకము ముక్కలగును. ఆ ముక్కలు చిన్నచిన్న పొట్లములుగా కట్టబడి ప్రక్కకణములకు ఆహారమగును. చుట్టుప్రక్కల వాపుగాని మంటగాని పుట్టదు. ఆస్ట్రేలియా వైద్యుడు కెర్, స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వైలీ, కరీ అను వారును కలిసి 1972లో దీనికి 'అపోప్టోసిస్' అను పేరు పెట్టిరి. గ్రీకు భాషలో ఆ మాటకు ఆకులు రాలుట యని అర్థము. మన పోలిక వారికిని తోచినదన్నమాట.

ఈ మరణము లేక జీవితము లేదు. గర్భములోని శిశువు చేయి మొదట పలకవలె ఉండును. వ్రేళ్ళ నడుమ కణములు నియతముగా మరణించుటచేతనే అయిదు వ్రేళ్ళు విడివడుచున్నవి. నేలలో నివసించు ఒక సూక్ష్మమైన పురుగు శరీరములో 1090 కణములు పుట్టగా, వానిలో సరిగా 131 కణములు ముందు నిర్ణయించినట్లు మరణించునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఆ పురుగుపై చేసిన పరిశోధనలకు బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ అను మువ్వురకు 2002లో నోబెల్ బహుమానము లభించినది.

రెండవది నెక్రోసిస్. అది బలవన్మరణము. ప్రాణవాయువు అందకనో, విషము సోకియో, దెబ్బ తగిలియో కణము ఉబ్బి పగులును. లోపలి పదార్థమంతయు చుట్టును చిందును. దానిచేత వాపు పుట్టి, శుభ్రపరచుటకు రక్తములోని తెల్లకణములు అచటికి పరుగెత్తును.

ఇప్పుడు క్యాన్సరు సంగతి. క్యాన్సరు కణము మొదట నేర్చుకొనునది, రాలవలసినప్పుడు రాలకుండుట. లోపము పుట్టిన కణమునకు మరణశాసనము వ్రాయు 'పీ53' అను జన్యువొకటి మన కణములలో కలదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈ జన్యువు తరచుగా చెడియుండును. శాసనము వ్రాయువాడే లేనప్పుడు కణము చావక విభజన చెందుచు పోవును. మరి చావక పెరుగుటయే దాని స్వభావమైనప్పుడు, కంతి నడుమ అంత చావు ఎచ్చటినుండి వచ్చినది?

దీనిని తెలిసికొనుటకు మన నిజాంసాగరు కాలువను తలచుకొందము. మంజీరపై 1931 నాటికి పూర్తియైన ఆ సాగరపు నీరు కాలువ మొదట నున్న పొలములకు ముందు అందును. ఎగువవారు అడ్డులేక మడులు పెంచుకొనుచు పోయినచో చివరి భూములకు నీరందదు. అచ్చట పైరు ఎండును. కంతిలోను ఇట్లే జరుగును. రక్తనాళము కాలువ. ప్రాణవాయువు నీరు. నాళమునకు దగ్గరనున్న కణములు దానిని త్రాగివేయును. దూరమున నున్నవి ఆకలిగొని, ఊపిరి యాడక చచ్చును.

ఈ సంగతిని మొదట కొలిచి చూపినది ఊపిరితిత్తుల క్యాన్సరులోనే. 1955లో ఇంగ్లండులో థామ్లిన్సన్, గ్రే అను ఇరువురు రోగులనుండి తీసిన కంతి ముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. క్యాన్సరు కణములు త్రాళ్ళవలె పేరుకొనియుండగా, రక్తనాళములు వాని వెలుపలి అంచున ఉండెను. అంచునుండి నడిమివరకు దూరము 160 మైక్రానులకు లోబడిన త్రాటిలో నడుమ చావు లేదు. 200 మైక్రానులు మించిన ప్రతి త్రాటిలోను నడుమ చావు కలదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ప్రాణవాయువు నడిచి పోగల దూరము మిల్లీమీటరులో అయిదవ వంతునకు మించదని దీనివలన తేటపడినది. వీరిలో గ్రే గారి పేరే నేడు రేడియేషన్ మోతాదును కొలుచు మానమునకు పెట్టబడినది. ఆ 1955లోనే మన హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. నిజామాబాదు, బోధన్ ప్రాంతములనుండి నేటికిని ఎందరో రోగులు ఆ ఆసుపత్రికి పోవుచున్నారు.

కావున చికిత్సకు ముందే కంతి నడుమ కణములు చచ్చి యున్నవన్నచో, క్యాన్సరు అలసిపోయినదని భావింపరాదు. రక్తము సరఫరా కాగలిగిన దానికంటె వేగముగా అది పెరిగినదని అర్థము. చావు ఇచట బలహీనతకు గాక వేగమునకు గురుతు. రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. చచ్చిన నడిమి భాగమునకును, బలిసిన అంచునకును మధ్య ఒక పొర కలదు. అందులోని కణములు చావలేదు, సుఖముగను లేవు. అరకొర ప్రాణవాయువుతో బ్రతుక నేర్చినవి. అట్టి కణములను చంపుటకు రేడియేషన్ మోతాదు మూడింతల వరకు కావలసి వచ్చును. రక్తనాళములు దూరముగా ఉండుటచేత మందును వానికి సరిగా చేరదు. కరవున బ్రతికిన కణములు చోటు విడిచి పోవుటకును సమర్థములగును.

ఇందుచేత శస్త్రచికిత్సలో తీసివేసిన కంతిలో నెక్రోసిస్ ఉన్న రోగులలో వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువ యని పలుచోట్ల గమనించిరి. ఇంగ్లండులోని లీస్టరు వైద్యులు 2002లో దీనిని భవితవ్యమును తెలుపు స్వతంత్రమైన గురుతుగా ప్రకటించిరి. ఊపిరితిత్తులలో పుట్టు కార్సినాయిడ్ అను ఒక జాతి కంతులలో నైతే ఈ గురుతు వ్యాధి పేరునే మార్చును. కణవిభజనలు మిక్కిలి తక్కువగా ఉండి, చావు ఏ మాత్రము లేనిచో అది సాధు స్వభావము కలది. చుక్కలవలె కొద్దిపాటి చావు కనబడినను, దానిని అంతకంటె కఠినమైన తరగతిలో చేర్చుదురు.

అట్లయినచో నియతమరణము మాటేమి? రాలు కణముల సంఖ్యను లెక్కించి భవిష్యత్తు చెప్పవచ్చునా? ఈ ప్రయత్నమును ఎందరో చేసిరి. ఫలితములు ఏకముఖముగా లేవు. రాలు కణములు ఎక్కువగా ఉన్న రోగులు ఎక్కువకాలము జీవించిరని కొందరు కనుగొనిరి. తక్కువకాలము జీవించిరని మరికొందరు కనుగొనిరి. దీనికి కారణము మన ఊరి జనన మరణముల పుస్తకము చూచిన తెలియును. మరణములు ఎక్కువైన ఊరు తగ్గిపోవుచున్నదని వెంటనే చెప్పరాదు. జననములు అంతకంటె ఎక్కువగా ఉండవచ్చును. ఒక పేజీని మాత్రమే చదివి ఊరి గతిని నిర్ణయించుట తప్పు. కంతిలోను పుట్టు కణములను, గిట్టు కణములను రెంటిని కలిపి చూడవలెను.

ఇక చికిత్స తరువాతి చావును చూతము. క్యాన్సరు మందులలో అనేకము చేయు పని, రాలుట మరచిన కణమునకు ఆ పనిని మరల జ్ఞాపకము చేయుట. ఈ విషయమున తెలుగువారు గర్వింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునందు ఫోలిక్ ఆమ్లమును, దానికి అడ్డుపడు మందులను తన సహచరులతో రూపొందించిరి. ఫోలిక్ ఆమ్లము అందక కణము తన జన్యుపదార్థమును నకలు చేసికొనలేదు. నకలు చేసికొనలేక నశించును. 1947లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ మందులలో ఒకదానిని రక్త క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి మొదటిసారి ఉపశమనము చూపెను. సుబ్బారావు గారు 1948లో దివంగతులైరి. ఆ సూత్రముననే పనిచేయు పెమెట్రెక్సెడ్ అను మందు 2004 నుండి ఊపిరితిత్తుల క్యాన్సరులో వాడుకలోనికి వచ్చి, నేటికిని ఒక ప్రధానమైన ఔషధముగా ఉన్నది.

కొందరు రోగులకు శస్త్రచికిత్సకు ముందే మందులిచ్చి, ఆ తరువాత కంతిని తీయుదురు. తీసిన కంతిని ముక్కలు చేసి, అందులో బ్రతికియున్న క్యాన్సరు ఎంత, చచ్చినది ఎంత యని లెక్కింతురు. బ్రతికినది నూటికి 10 పాళ్ళు మించనిచో చికిత్స ఫలించినదని భావింతురు. బ్రతికిన కణము ఒక్కటియు కనబడనిచో అది పూర్ణఫలము. 2022లో ప్రకటింపబడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, మామూలు మందులు మాత్రమే పొందిన వారిలో నూటికి 2.2 మందికి ఈ పూర్ణఫలము లభించినది. వానితో పాటు శరీరపు రక్షణశక్తిని మేల్కొల్పు నివోలుమాబ్ అను మందును పొందినవారిలో నూటికి 24 మందికి లభించినది. వ్యాధి తిరుగబెట్టక, ముదరక గడచిన కాలము మొదటివారిలో నడిమి లెక్కకు 20.8 నెలలు కాగా, రెండవవారిలో 31.6 నెలలు. ఇచట చచ్చిన కణము రోగి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

ఆ తల్లి ప్రశ్నకు ఇదే సమాధానము. కణములు చచ్చినవా యని మాత్రమే అడిగిన చాలదు. ఎట్లు చచ్చినవి, ఎప్పుడు చచ్చినవి యని అడుగవలెను. తెగులు సోకి చచ్చిన గడ వేరు, కలుపు తీయగా వాడిన గడ్డి వేరు. రెండును ఎండినవే. ఒకటి రైతునకు నష్టము, రెండవది రైతు చేసిన పని.

చచ్చిన కణము మరియొక మేలు చేయుచున్నది. అది పగిలినప్పుడు దాని జన్యుపదార్థపు తునకలు రక్తములో కలియును. చేతినుండి తీసిన కొద్దిపాటి రక్తములో ఆ తునకలను వెదకి, వ్యాధి జాడను పట్టు పరీక్షలు ఇటీవల వచ్చినవి. ఆరంభదశలోని ఊపిరితిత్తుల క్యాన్సరులో, నెక్రోసిస్ కల కంతులు అట్టి తునకలను రక్తములోనికి ఎక్కువగా విడుచునని 2017లో ఇంగ్లండు పరిశోధకులు తెలిపిరి. దీనిలో ఒక హెచ్చరికయు ఇమిడియున్నది. చావు తక్కువగానున్న చిన్న కంతి రక్తములో జాడ విడువకపోవచ్చును. కావున రక్తపరీక్షలో ఏమియు లేదన్నంత మాత్రమున వ్యాధి లేదని అనుకొనరాదు.

ఈ శాస్త్రమంతయు హైదరాబాదులోను, విదేశములలోను జరుగు సంగతి, మనకేమి యని శ్రోతలు తలపవచ్చును. కాని నిజామాబాదు జిల్లాలో దీనికి దగ్గరి సంబంధమే కలదు. కంతి నడుమ చచ్చిన భాగము కరిగి శ్వాసనాళములోనికి జారినచో అచట డొల్ల ఏర్పడును. ఎక్స్‌రే పటములో ఆ డొల్ల క్షయరోగపు డొల్లను పోలియుండును. క్షయయందును కణములు చచ్చియే డొల్ల పుట్టును. దగ్గు, జ్వరము, బరువు తగ్గుట, కళ్ళెలో రక్తము రెండు వ్యాధులలోను కనబడును. మన దేశములో క్షయ విరివిగా ఉండుటచేత, కళ్ళెలో క్షయక్రిమి దొరకకున్నను క్షయమందులు వాడుచు నెలలు గడపిన క్యాన్సరు రోగులు తక్కువవారు కారు. ఆ నెలలలో కంతి ఊరకుండదు.

కాబట్టి రెండు వారములు దాటిన దగ్గునకు ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా చేయు కళ్ళెపరీక్ష తప్పక చేయించుకొనవలెను. క్షయ యని తేలినచో మందులు పూర్తిగా వాడిన నయమగును. క్రిమి కనబడక, మందులతో గుణమును కనబడక యున్నచో, సి.టి. పరీక్షయు, అవసరమైన చోట ముక్కపరీక్షయు చేయుదురా యని వైద్యుని వినయముగా, సూటిగా అడుగవలెను. పొగత్రాగు అలవాటు గలవారు, కళ్ళెలో రక్తము చూచినవారు ఈ మాటను మరింత శ్రద్ధతో పట్టించుకొనవలెను.

పొగ మాట వచ్చినది కావున బీడీని గురించి చెప్పక తీరదు. నిజామాబాదు పట్టణములోను, చుట్టుప్రక్కల పల్లెలలోను వేలకొలది స్త్రీలు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చుట్టి సంసారములు నడుపుచున్నారు. వారి శ్రమను తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. తంబాకు ధూళి లోపలికి పోకుండ గాలి వచ్చు చోట కూర్చొని పనిచేయుట, చంటిపిల్లలను చాటకు దూరముగా ఉంచుట మేలు. అయితే చుట్టిన బీడీని త్రాగువారికి ఒక మాట చెప్పవలెను. ఆకు చుట్టిన బీడీ సిగరెట్టుకంటె మెత్తనిదని కొందరనుకొందురు. అది నిజము కాదు. చిన్నదైనను బీడీ పొగలో తారును, నికోటినును సిగరెట్టునకు తీసిపోవు. విడిచిన నాటినుండి ముప్పు సంవత్సరము సంవత్సరమునకు తగ్గుచు వచ్చును. పొగ త్రాగనివారికిని ఈ వ్యాధి రావచ్చును. కట్టెలపొయ్యి పొగ నిండిన వంటయింటిలో ఒక కిటికీ తెరచుటయు చిన్న పని కాదు.

చివరగా, ముక్కపరీక్షలో కనబడు ఏ గురుతును విధివ్రాత కాదు. నెక్రోసిస్ ఉన్నదన్న మాట వేయిమంది రోగులను కలిపి చూచి చెప్పిన మాట. ఒక్కనికి ఏమి జరుగునో అది చెప్పలేదు. కంతి ఎంతవరకు వ్యాపించినది, ఏ జాతికి చెందినది, ఏ జన్యువు చెడినది, రోగి బలము ఎంత అను నాలుగు సంగతులు దానికంటె తక్కువవి కావు. ఆ గురుతు కనబడినప్పుడు వైద్యుడు మరింత జాగరూకుడగును. తిరుగుడు పరీక్షలకు రోగి తప్పక పోవలెను. దాని ప్రయోజన మంతవరకే.

ఆ తల్లికి ఆ సాయంకాలము వైద్యుడు ఈ మాటలే చెప్పినచో ఆమె ఆశను కొంత తగ్గించినవాడగును, కాని అబద్ధముతో ఇంటికి పంపినవాడు కాడు. ఏది అడుగవలెనో తెలిసి ఆమె మరునాడు హైదరాబాదు బండి ఎక్కును. బోధన్ రైతు గడను చీల్చి చూచునది తోటను చూచి ఏడ్చుటకు కాదు. తెగులు సోకిన దుబ్బును వేళ్ళతో పెకలించి, ప్రక్క దుబ్బును కాపాడుకొనుటకే.